ఆడపడుచు వాటా

మనిషి చచ్చిపోతే ఎలా పోయాడని అడగాలి, ఎవరివల్ల పోయాడని అడగాలి. నా బుర్రకి తెలిసిన న్యాయం అంతే. అమెరికా పైకోర్టు మాత్రం సాక్షులందరూ చెప్పడం అయిపోయాక, తీర్పు కూడా వచ్చేశాక, తీరుబడిగా ఒక్క ప్రశ్న వేసింది. ఈ కంపెనీలో వాటాదారులెవరు, వాళ్ళు ఏ దేశం వాళ్ళు? ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు జాషువా. అమలాపురం కోర్టులో ముప్ఫయ్యేళ్ళుగా వకాలతు చేస్తున్నాను. గట్టు తగాదాలు, కొబ్బరితోట పంపకాలు, చెల్లని చెక్కులు, ఇవే నాకు అన్నం పెట్టేవి. ఈ అమెరికా కేసుకి అసలు వకీలు టెక్సాస్‌లో ఉండే హార్లన్ అనే ఆవిడ. ఇక్కడ వీరదుర్గ చేత సంతకాలు పెట్టించడం, ఆవిడ ఇంగ్లీషు ఈమెకి, ఈమె తెలుగు ఆవిడకి చేరవేయడం నా పని.

వీరదుర్గది అల్లవరం దిగువన సముద్రం వైపు ఊరు. ఆమె భర్త పెద్దిరాజు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు బాగుచేసేవాడు. నీళ్ళని చిమ్ముతూ రొయ్యకి గాలి అందించే చక్రాలు అవి. ఆగిపోతే తెల్లారేసరికి చెరువులో రొయ్యంతా చచ్చి తేలిపోతుంది. అందుకే చక్రం ఆగిందంటే రైతుకి కాళ్ళూ చేతులూ ఆడవు. కరెంటు తీసేదాకా కూడా ఓపిక పట్టనివ్వడు. పెద్దిరాజు దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటేగాని నీళ్ళలో కాలు పెట్టేవాడు కాదు. గట్టు మీద నుంచి ఎవరైనా కేకలేస్తే, "రొయ్య పోతే మళ్ళీ పిల్లని వేసుకుంటారండి. నేను పోతే మా ఇంట్లో ఎవర్ని వేసుకుంటారండి?" అనేవాడట.

ఆ ఏరియేటర్లు తయారుచేసే కంపెనీయే అతన్ని మూడు నెలల పని మీద టెక్సాస్ పంపింది. అక్కడ సముద్రం ఒడ్డునున్న ఒక రొయ్యల ఫారం వీళ్ళ యంత్రాలు కొంది. అవి బిగించి, అక్కడి పనివాళ్ళకి నేర్పి రావాలి. ఈ యంత్రాల సంగతి ఆ ఫారం వాళ్ళకి చెప్పింది వీరదుర్గ అన్నగారు గంగబాబు. అతను హ్యూస్టన్‌లో చేపల దుకాణం నడుపుతున్నాడు. "మా బావని పంపండి, అంతటి పనివాడు లేడు" అని చెప్పింది కూడా అతనే.

వెళ్ళిన రెండో నెలలో పెద్దిరాజు ఆ ఫారం చెరువులో కరెంటు షాకు కొట్టి చనిపోయాడు.

అక్కడ పీకి జేబులో వేసుకోవడానికి ఫ్యూజు ఉండదు. స్విచ్చి ఆపి, దానికి తాళం వేసుకుని దిగాలి. ఫారం వాళ్ళు తాళం ఇవ్వలేదు. ఇతను స్విచ్చి ఆపి దిగాడు, అవతలి షెడ్డులోంచి వచ్చినవాడెవడో చూసుకోకుండా వేసేశాడు. ఫారం వాళ్ళు మాత్రం అతను అసలు స్విచ్చే ఆపలేదని, అజాగ్రత్తగా దిగిపోయాడని కాగితం మీద రాసేసి చేతులు దులుపుకున్నారు.

శవం కన్నా ముందు ఆ మాట అల్లవరం చేరింది. చెరువుల మీద కొత్తవాళ్ళకి పని నేర్పేటప్పుడు "పెద్దిరాజులాగ దిగిపోకండ్రా" అనడం మొదలెట్టారు. వీరదుర్గ అవే చెరువుల మీద మేత చల్లే కూలికి వెళ్ళేది. ఆ మాట వింటూ చెయ్యాలి కూలి. మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒకటే.

"నాకేటీ ఇప్పించొద్దండి. ఆయన తప్పు లేదని కోర్టు చేత ఒక్క మాట అనిపించండి. చాలండి."

ఫారం మీద దావా వేసి అనిపించింది హార్లన్. దానికి రెండేళ్ళు పైగా పట్టింది. వీరదుర్గ నా గదిలో కూర్చుని వీడియోలో సాక్ష్యం చెప్పింది. ఫారంలో పనిచేసే ఒక మనిషి ఉద్యోగం పోతుందని తెలిసి కూడా, పెద్దిరాజు స్విచ్చి ఆపడం తాను కళ్ళారా చూశానని చెప్పాడు. అక్కడ జ్యూరీ అని మామూలు మనుషుల్నే కూర్చోబెడతారు. ఎవరి తప్పు ఎంత అని వాళ్ళు నూటికి ఇంత అని పంచి చెప్పాలి. ఫారం తప్పు నూరు, పెద్దిరాజు తప్పు సున్నా అని చెప్పారు.

"సున్నా అంటే సున్నాయేనాండీ? కొంచెం కూడా లేదాండీ?" అంది వీరదుర్గ.

"కొంచెం కూడా లేదమ్మా."

ఆమె పమిట కుక్కుకుని ఏడ్చింది. కాఫీ తెచ్చిన నా భార్య శాంతి గ్లాసులు పక్కన పెట్టి ఆమె పక్కన కూర్చుని తానూ ఏడ్చింది. నేను మగాణ్ణి, వకీల్ని కాబట్టి కిటికీ దగ్గరకి వెళ్ళి ఏడ్చాను.

మర్నాడు ఆమె నన్ను వాళ్ళ చెరువుల మీదకి తీసుకెళ్ళింది. నాగదుర్గాప్రసాద్ గారని పాతిక ఎకరాల చెరువులున్న రైతు, ఆమె కూలి చేసేది ఆయన దగ్గరే. ఆయన మోటారు షెడ్డులో అందర్నీ పోగుచేసి తీర్పు నా చేత తెలుగులో చదివించింది. సున్నా దగ్గరకొచ్చేసరికి మళ్ళీ చదవమంది. చదివాను. నాగదుర్గాప్రసాద్ గారు లేచి, "పెద్దిరాజు ఎంత జాగ్రత్త మనిషో నేను ముందు నుంచీ చెబుతూనే ఉన్నానండి" అన్నారు. ఆయన ముందు నుంచీ చెప్పింది ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఆ రోజుకి ఆ మాట తియ్యగానే ఉంది. ఆ తర్వాత చెరువుల మీద ఎవరూ అతని పేరు అలా ఎత్తలేదు.

ఇల్లలకగానే పండగ కాదు కదా. ఫారం వాళ్ళు పైకోర్టుకి వెళ్ళారు. పైకోర్టు ఇదిగో ఈ ప్రశ్న వేసింది.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. బయటివాడికీ ఊళ్ళోవాడికీ తగాదా వస్తే ఊరి కోర్టు ఊళ్ళోవాడి పక్కకే మొగ్గుతుందేమోనని అనుమానం పెట్టుకుని, అమెరికా వాళ్ళు అలాంటి తగాదాలకి తమ కేంద్ర కోర్టు తలుపు తెరిచి ఉంచారు. ఇటు ఇండియా మనిషి, అటు అమెరికా వాళ్ళు అయితే లోపలికి రావచ్చు. కానీ అటు పక్క కూడా ఒక విదేశీయుడు ఉన్నాడంటే ఆ తలుపు మూసుకుపోతుంది. రాష్ట్రం కోర్టుకి పోవాల్సిందే. అందుకే దావా వేసేటప్పుడే ఎవరు ఏ ఊరివాళ్ళో రాయాలి. హార్లన్ ఆ ఫారం కంపెనీ టెక్సాస్‌లో రిజిస్టరైందని, దాని పెద్ద ఆఫీసు టెక్సాస్‌లోనే ఉందని రాసింది. అవతలి వకీళ్ళు అవునన్నారు. కింది జడ్జిగారూ సరేనన్నారు. పెద్ద పెద్ద కార్పొరేషన్లకి అయితే అది సరిపోయేదే. కానీ ఇది పదిమంది కలిసి వాటాలు వేసుకుని, ఎవరి వాటా మేరకు వాళ్ళే బాధ్యులుగా పెట్టుకునే రకం కంపెనీ. దానికి సొంత ఊరంటూ ఉండదు. వాటాదారుల ఊళ్ళన్నీ దాని ఊళ్ళే. ఆ వాటాదారుల్లో మరో కంపెనీ ఉంటే దాన్నీ విప్పి, లోపల ఎవరున్నారో చూడాలి.

"ఇది ఉట్టి లాంఛనం. పేర్లు రాసి ఇచ్చేస్తే అయిపోతుంది" అంది హార్లన్ వీడియోలో. ఆ పూట వీరదుర్గ కూడా నా గదిలోనే ఉంది. అవతలివాళ్ళు పంపిన పేర్లు హార్లన్ చదువుతుంటే నేను తెలుగులో చెబుతున్నాను. ముగ్గురు టెక్సాస్ వాళ్ళు. నాలుగో వాటాదారు మరో కంపెనీ. దాని పేరు గోదావరి హార్వెస్ట్, అందులో ఎవరెవరున్నారో ఇంకా తెలియాలి అంది.

వీరదుర్గ మొహం విప్పారింది. "గోదావరా అండీ? అది మా అన్నయ్యా వాళ్ళదండి! అక్కడి పౌరసత్వం వచ్చిన మనోళ్ళు కొంతమంది కలిసి పెట్టుకున్నారండి. అందులో నాకూ వాటా ఉందండి. రూపాయిలో పైసా."

నేను ఇంగ్లీషులోకి మార్చడం ఆపేశాను.

చెరువుల వాళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్తగా ఏ పని పెట్టినా ఇంటి ఆడపడుచు పేరున పైసా వాటా పెడతారు. తొలి రొయ్యపిల్లని ఆమె చేత చెరువులో వదిలిస్తారు. ఆడపడుచు చెయ్యి పడితే కలిసొస్తుందని నమ్మకం. గంగబాబు హ్యూస్టన్ వెళ్ళాక కూడా ఆ అలవాటు వదల్లేదు. చెల్లెలు అంత దూరం వెళ్ళి రొయ్యపిల్లని వదిలే వీలు లేదు కాబట్టి కాగితాలు ఫోన్‌లో పంపాడు. ఈమె వేలితో సంతకం గీసి పంపింది.

"మా అన్నయ్య నన్ను మర్చిపోలేదండి" అంది. ఆ ఫారంలో అన్నగారి కంపెనీకి వాటా ఉందన్న సంగతి ఆమె చెవికి ఎక్కడానికి మరికొంచెం సేపు పట్టింది. ఎక్కాక నవ్వు ఆగిపోయింది.

తెరమీద హార్లన్ ఎదురుచూస్తోంది. ఆమెకి తెలుగు రాదు. ఈ గదిలో అన్నమాట ఈ గదిలోనే ఉంచేస్తే? ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ ఆ గోదావరి వాటాదారుల పేర్లు ఎలాగూ రేపో ఎల్లుండో కోర్టు ముందుకొస్తాయి. దాచి ఏం చెయ్యను? ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. హార్లన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక్క మాట అంది. "అటు పక్క ఉన్న విదేశీయురాలు ఈవిడే."

ఇటు దావా వేసింది వీరదుర్గ. అటు దావా పడ్డ కంపెనీలో కూడా వీరదుర్గే.

"ఆ వాటా నాకొద్దని ఇప్పుడే రాసిచ్చేస్తానండి" అంది, నేను విడమరిచి చెప్పాక. "కాగితం ఇటివ్వండి. సంతకం పెట్టేస్తాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. దావా వేసిన నాటికి ఎలా ఉందో అదే లెక్క, తర్వాత దిద్దుకుంటే చెల్లదు. కింది కోర్టుకి ఈ తగాదా వినే అధికారమే లేదని పైకోర్టు తేల్చింది. అధికారం లేని కోర్టు ఏం చెప్పినా చెప్పనట్టే. సాక్ష్యం, జ్యూరీ, నూరు, సున్నా అన్నీ రద్దు. మొదటికే మోసం వచ్చింది. కావాలంటే రెండు నెలల్లోగా టెక్సాస్ రాష్ట్రం కోర్టులో మళ్ళీ మొదటినుంచి వేసుకోవచ్చట. తప్పు నాదేనని హార్లన్ ఒప్పుకుంది, రూపాయి తీసుకోకుండా మళ్ళీ వాదిస్తానంది. మంచి మనిషి. ఆ మంచితనాన్ని కూడా నేను క్షమించలేకపోయాను.

ఆ వారమే గంగబాబు ఫోన్ చేశాడు. వీరదుర్గ అతని ఫోను ఎత్తడం లేదట, నా గదికి వచ్చిందని తెలిసి నాకు చేశాడు. నేను స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను.

"దుర్గా, నీ మంచికోసవే ఆ వాటా పెట్టేనే. మన నాన్న అత్తకి పెట్టలేదా? అలాగే పెట్టేను."

ఆమె ఫోను వైపు చూడకుండా పమిట చెంగు మడతపెడుతోంది.

"ఫారంలో మాకు వాటా ఉందని నీకెందుకు చెప్పలేదో తెలుసా? బావ పోయేక ఏ మొహం పెట్టుకుని చెప్పనే? నా ఫారంలోనే పోయేడని చెప్పనా? నువ్వు కేసు వేస్తానంటే వెయ్యనియ్యి, గెలవనియ్యి, నా డబ్బే కదా పోయేది అనుకున్నాను. నోరు మూసుకున్నాను. ఇలాగవుద్దని నాకేం తెలుసు?"

అతను ఏడుస్తున్నాడు. అబద్ధపు ఏడుపు కాదది. గెలిస్తే తన వాటా కరిగిపోతుందని తెలిసీ చెల్లెల్ని గెలవనిచ్చినవాడిని నేనేమని తిట్టను? నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేశాను.

"ఉంటానన్నయ్యా. చెరువు మీద పని ఉంది" అని వీరదుర్గ ఫోను నా వైపు జరిపింది.

ఊరివాళ్ళకి తానే చెబుతానంది. వద్దమ్మా అన్నాను. చదివించింది నేనే కదండీ, చదివింది పోయిందని కూడా నేనే చెప్పాలి అంది. తోడుగా వెళ్ళాను. అదే మోటారు షెడ్డు, అదే జనం. పైకోర్టు కేసు కొట్టేసిందని ఆమె చెప్పింది. నేను లేచి ఎందుకు కొట్టేసిందో చెప్పబోయాను. వాటాలు, దేశాలు, కంపెనీలో కంపెనీ. అల్లవరం గట్టు మీద ఎవరి చెవికెక్కుతుంది ఇదంతా? మన దేశంలో అయినా మరో దేశంలో అయినా కేసు కొట్టేశారంటే జనానికి అర్థమయ్యేది ఒకటే, ఓడిపోయారని.

"అంటే చివరికి మనోడిదే తప్పని తేలిందన్నమాట" అన్నారు నాగదుర్గాప్రసాద్ గారు, జాలిపడుతూనే.

"తేలలేదండీ! అసలు తప్పు సంగతే వాళ్ళు చూళ్ళేదండీ!" అని నేను అరిచాను. అరవాల్సింది కాదు.

"ఆయ్, నిజవేనండి. మీరు చదువుకున్నోళ్ళు, ఎలాగైనా చెబుతారు. రెండేళ్ళు విన్నాక కొట్టేసేరంటే ఏదో ఉండబట్టే కదండీ" అన్నారాయన.

నాకు ఆయన పీక పట్టుకోవాలనిపించింది. వీరదుర్గ నా చెయ్యి తాకి, వెళ్దాం రండి అంది. మేం గట్టు దిగుతుంటే వెనక ఎవరో ఎవరికో స్విచ్చి గురించి జాగ్రత్త చెబుతున్నారు, మధ్యలో పెద్దిరాజు పేరు వినిపించింది. ఆమె నడక ఆపలేదు. నేనే ఆగాను.

హార్లన్ కొత్త దావా సిద్ధం చేసి పంపింది. వీరదుర్గ సంతకం ఒక్కటే కావాలి. గడువు ఇంకా ఉండగానే కబురు పెట్టాను, వచ్చింది. శాంతి లోపలికి రమ్మన్నా రాకుండా నా బల్ల ముందే కూర్చుంది.

"ఈసారి ఎవరి వాటా ఎక్కడుందో ఎవరూ అడగరమ్మా. రాష్ట్రం కోర్టుకి ఆ పట్టింపు లేదు. సాక్షులు అలాగే ఉన్నారు. ఆ చూసిన మనిషి మళ్ళీ చెబుతానంటున్నాడు. సంతకం పెట్టు" అన్నాను.

ఆమె కాగితం వైపు చూడలేదు.

"ఒకటి అడుగుతానండి. తప్పంతా ఫారందే, నూటికి నూరు అన్నారు కదండీ. ఆ నూరులో నా వాటాకి వచ్చేది ఎంతండి?"

"అలా లెక్క కట్టకూడదమ్మా. వాటా ఉన్నంత మాత్రాన తప్పు ఉన్నట్టు కాదు. చట్టం అలా చూడదు."

"నేను అటు పక్క మనిషిననే కదండీ చట్టం తీర్పు తీసేసింది?"

నేను కోపంగా మాట్లాడాను. దుఃఖం వస్తే నాకు వచ్చేది కోపమే. ఊరంతా అతని మీద మళ్ళీ మొదలెట్టిందనీ, నువ్విప్పుడు కూర్చుంటే అదే నిజమైపోతుందనీ, కావాల్సింది ఒక్క సంతకమేననీ అన్నాను. పెన్ను తీసి ఆమె ముందు పెట్టాను.

"మళ్ళీ వేస్తే, తీర్పు చెప్పేవాళ్ళు వేరేవాళ్ళు కదండీ?" అంది నెమ్మదిగా.

"వేరేవాళ్ళే."

"వాళ్ళు కూడా సున్నా అనే అంటారని మీరు చెప్పగలరాండీ?"

చెప్పగలనని ఉంటే బాగుండేది. కోర్టులో రేపు ఏం జరుగుతుందో ఈ రోజు చెప్పే వకీలు అబద్ధాలకోరు. ఆమెతో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు.

"చెప్పలేనమ్మా."

"అయిదో, పదో ఆయన మీద వేసేరనుకోండి?"

"వెయ్యకపోవచ్చు."

"వేస్తేనండి?" ఆమె పెన్నుని నా వైపుకి జరిపింది. "ఇప్పుడు ఊరు అంటోందండి. ఊరి మాట కదా, చెవిన పడితే దులిపేసుకుంటాను. ఆ రోజు వాళ్ళు సున్నా అన్నారు, నేను విన్నాను, అది నాకుందండి. రేపు కోర్టే తప్పుందని అంటే, నేనెక్కడికెళ్ళి ఏడవనండి?"

నేను పెన్నుకి మూత పెట్టాను. ఆమె వస్తానండి అని లేచింది. సంతకం లేకుండానే గడువు దాటిపోయింది.